చిన్న దీవికి వెళ్తే ఒక రాత్రి ఉండండి

పక్షుల్ని చూస్తూ ప్రశాంతంగా గడపడానికి చిన్న దీవికి వెళ్తుంటే, పొద్దున వెళ్లి సాయంత్రం పడవకి తిరిగొచ్చే ప్లాన్ వేసుకోకండి. వీలుంటే ఒక్క రాత్రయినా అక్కడే ఉండండి. పగటి పడవల జనం వెళ్లిపోయాకే దీవి అసలు రూపం తెలుస్తుంది. బ్రిటన్‌లోని వేల్స్ తీరంలో ఉన్న స్కోమర్ దీవినే తీసుకోండి. అక్కడ లక్షల సంఖ్యలో ఉండే మాంక్స్ షియర్‌వాటర్ పక్షులు చీకటి పడ్డాకే సముద్రం నుంచి తమ బొరియలకు చేరతాయి. పగలు వచ్చి వెళ్లేవాళ్లకు అవి దాదాపు కనిపించవు. రంగురంగుల ముక్కుండే పఫిన్ అనే సముద్ర పక్షులు పగలే కనిపిస్తాయి గానీ, ఏప్రిల్ నుంచి జులై వరకే. ఆగస్టులో వెళ్తే నిరాశే.

బయల్దేరే ముందు బ్యాగు మొత్తం ఖాళీ చేసి చూసుకోండి, బూట్ల అడుగున అంటుకున్న మట్టి, గింజలు దులిపేయండి. దీవిలోకి ఎలుకలు చేరితే నేల మీద, బొరియల్లో గుడ్లు పెట్టే పక్షులు బతకడం కష్టం. ఇది మాత్రం దయచేసి అశ్రద్ధ చేయొద్దు. కాలిబాట దిగి నడిచినా బొరియలు కుంగిపోతాయి.

గాలి ఎక్కువైతే పడవలు రద్దవుతాయి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.