అతుకులున్న చెక్క దూలం ఎలా చేయాలి?

పొడవాటి దూలం ఒకే ముక్కగా దొరకనప్పుడు మూడు నాలుగు పలకలను నిలువుగా పక్కపక్కన పెట్టి, మేకులతో బిగించి దూలం చేస్తారు. పలకల పొడవు చాలకపోతే అతుకు తప్పదు. లెక్కలో మాత్రం అతుకు దగ్గర ఆ పలక లేనట్టే అనుకోండి. కొసలు ఎంత గట్టిగా ఆనినా, ఒకదాన్ని పట్టి లాగితే రెండోది కదలదు కదా! జిగురు పూసినా అంతే, అడ్డంగా కోసిన ముఖాన్ని అది సరిగ్గా పట్టదు.

ముందు లెక్క చూద్దాం. స్పాన్, అంటే రెండు స్తంభాల నడుమ దూరం, 3 మీటర్లు; లోడు, అంటే దూలం మోసే బరువు, మీటరుకు 6 కిలోన్యూటన్లు అనుకోండి. లోడును స్పాన్ వర్గంతో హెచ్చించి 8తో భాగిస్తే బెండింగ్ మూమెంట్, అంటే దూలాన్ని వంచే ప్రభావం, 6.75 కిలోన్యూటన్ మీటర్లు. 50 మి.మీ. మందం, 200 మి.మీ. లోతు ఉన్న పలకలు మూడు పెడితే ఒత్తిడి చదరపు మి.మీ.కి 6.75 న్యూటన్లు. స్పాన్ నడుమ ఒక్క పలకకు అతుకు వేశారా, మిగిలిన రెంటి మీద అది 10 దాటుతుంది.

మరి అతుకు ఎక్కడ వేయాలి? అందరూ చెప్పేది స్తంభం మీద అని. నిజమే, కానీ ప్రతి స్పాన్‌నూ విడి దూలంగా లెక్క కట్టినప్పుడే. స్తంభాల మీదుగా ఒకటే దూలం సాగుతుందని లెక్క కట్టి, అతుకు స్తంభం మీద వేస్తే లెక్క తప్పినట్టే. అలాంటి దూలంలో మూమెంట్ ఎక్కువగా ఉండేది అక్కడే.

అలా స్తంభాల మీదుగా సాగే దూలానికి స్తంభం నుంచి స్పాన్‌లో నాలుగో వంతు దూరం మంచి చోటు. దూలం స్తంభం మీద ఒకవైపుకి, స్పాన్ మధ్యలో రెండోవైపుకి వంగుతుంది. వంపు దిశ మారేది ఆ దగ్గర్లోనే, అక్కడ మూమెంట్ దాదాపు సున్నా. దూలం చివరి స్తంభాల పక్కనున్న నాలుగో వంతుకు మాత్రం ఇది వర్తించదు. పైగా ఒక స్పాన్ మీద లోడు నిండుగా ఉండి, పక్కది ఖాళీగా ఉంటే ఆ సున్నా చోటు జరుగుతుంది. అందుకే ఒకే చోట సగానికి మించి పలకలకు అతుకు వేయకూడదు. పక్కపక్క పలకల అతుకులు ఒకే గీత మీదకు రానివ్వకండి. ఒక స్పాన్‌లో ఒక పలకకు ఒక్క అతుకే.

కెనడా నిబంధనల్లో ఈ అతుకు నాలుగో వంతుకు 150 మి.మీ. లోపే ఉండాలి. మేకులు కనీసం 89 మి.మీ. పొడవువి, రెండు వరుసల్లో, 450 మి.మీ.కి మించని ఎడంతో కొట్టాలి. ప్రతి ముక్క కొస నుంచి 100–150 మి.మీ. దూరంలో మేకులు పడాలి. అతుకు దగ్గర చాలామంది మరిచేది ఇదే.