సోనామీటరుతో తీగ పొడవుకూ పౌనఃపున్యానికీ గల సంబంధాన్ని కనుగొనే విధానం

సోనామీటరు అంటే బోలు చెక్కపెట్టెపై రెండు ఆధారాల మీదుగా తీగను బిగించిన పరికరం; పౌనఃపున్యం అంటే సెకనుకు కంపనాల సంఖ్య, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. తీగ కొసన వేలాడదీసిన బరువులను ప్రయోగం ముగిసేవరకు మార్చకూడదు. తన్యత (తీగ బిగువు) మారితే కొలతలన్నీ వృథా అవుతాయి. రెండు ఆధారాల నడుమ తీగ మధ్యలో మడిచిన చిన్న కాగితపు ముక్కను నిలిపి, 256 హెర్ట్జ్ శృతిదండాన్ని (కొడితే ఒకే స్వరం పలికే లోహపు కవను) రబ్బరు దిమ్మెపై కొట్టి, దాని కాడను పెట్టెకు ఆనించి, కాగితం ఎగిరిపడే వరకు ఆధారాన్ని మెల్లగా జరుపుతూ పొడవును పెంచాలి. కాగితం కాస్త వణకగానే చాలామంది ఆగిపోతారు, అది చాలదు.

ఆ పొడవు 50 సెంటీమీటర్లయితే, 320 హెర్ట్జ్‌కు 40, 512 హెర్ట్జ్‌కు 25 సెంటీమీటర్లు రావాలి. అంటే పొడవు, పౌనఃపున్యాల లబ్ధం ప్రతిసారీ 12,800 అవుతుంది. వీణలో పన్నెండవ మెట్టు తీగను సగం చేసి పై షడ్జమాన్ని పలికించడానికీ ఈ విలోమానుపాతమే (ఒకటి సగమైతే మరొకటి రెట్టింపవడమే) కారణం. స్వల్ప తేడాలుంటే ప్రతి కొలతను మూడుసార్లు తీసుకుని సగటు వేయాలి.