పాత అంబాసిడర్ స్టార్ట్ కాకపోతే వెంటనే కాయిల్ కొనకండి

పాత పెట్రోల్ అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఒక మాట. సెల్ఫ్ బాగానే తిరుగుతున్నా బండి అందుకోకపోతే ముందు స్పార్కు చూడండి. డిస్ట్రిబ్యూటర్ (స్పార్కు కరెంటును ఒక్కో ప్లగ్గుకూ పంచే భాగం) మూత మధ్యలో ఉండే లావు వైరు ఊడదీసి, దాని కొసను ఇంజిన్ ఇనుముకు అర సెంటీమీటరు ఎడంగా పట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తోనే పట్టాలి, చేత్తో వద్దు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్షే వద్దు.

స్పార్కు నీలంగా, టపటపమని వస్తే కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్కుకు సరిపడా పెంచే భాగం) దాకా బాగున్నట్టే. తేడా మూతలోనో, దాని కింద తిరిగే రోటర్‌లోనో, ప్లగ్గుల్లోనో ఉంటుంది. వానాకాలం పొద్దున అయితే చాలాసార్లు మూత లోపలి చెమ్మే కారణం, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

నీరసంగా, పసుపుపచ్చగా వస్తే సీబీ పాయింట్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటును తెంచే స్విచ్చు) చూడండి. నల్లబడితే సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్ది, పొడి తుడిచేసి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎడం 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండేలా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి బిగించండి. కంటి అంచనా పనికిరాదు. పాయింట్ తెరుచుకునేచోటే పెద్ద మెరుపు వస్తుంటే అనుమానం కండెన్సర్ (పాయింట్ దగ్గర ఆ మెరుపును అణిచే భాగం) మీదే. చిన్న వస్తువే, కానీ అది పోతే కొత్త పాయింట్ కూడా త్వరగా కాలిపోతుంది. నేనైతే డిక్కీలో ఒకటి ఎప్పుడూ ఉంచుతాను, అదీ ముందే బండికి బిగించి నడిపి చూసినది.

ఈ పనిలో ఉండగా తాళం ఆన్‌లో వదిలేయకండి. పాయింట్ మూసుకుని ఉంటే కరెంటు పారుతూనే ఉండి కాయిల్ వేడెక్కి పాడవుతుంది.