యాక్సిడెంట్ కాడ "ఎవరన్న ఫోన్ చేయుండ్రి" అని అరవకుండ్రి
మొన్న నార్కట్‌పల్లి దాటినంక హైవే మీద బైక్ స్కిడ్ అయి ఒకాయన పడ్డడు, ఇరవై మంది జమైన్రు గానీ 108కి ఎవ్వలు కొట్టలే, ఇంకెవలో చేసే ఉంటరులే అని అందరు ఒకరి మొఖం ఒకరు చూసుకుంట నిలబడ్డరు. మనసు లేక కాదు, దీన్ని సైకాలజీల బైస్టాండర్ ఎఫెక్ట్ అంటరు. 1968ల డార్లీ, లటానే అని ఇద్దరు అమెరికాల దీని మీద ప్రయోగం చేసిన్రు, ఇంటర్‌కమ్‌ల ఎవరికో ఫిట్స్ వస్తున్నట్టు వినిపిస్తే, నేనొక్కన్నే వింటున్న అనుకున్నోళ్లల్ల 85 శాతం మంది టైముకు సాయం కోసం లేచిన్రు, ఇంకో నలుగురు కూడా వింటున్నరు అనుకున్నోళ్లల్ల 31 శాతమే.

అందుకే గుంపుకు చెప్పొద్దు, ఒక్కన్ని వేలుతోని చూపెట్టి చెప్పాలె. "ఓ ఎర్రంగి తమ్మీ, నువ్వే, 108కి కొట్టు, కొట్టినంక నాకు చెప్పు." "ఆటో అన్నా, నువ్వు జర ముందటికి పోయి లారీలు ఆపు." నేను గట్లనే అన్న, అప్పటిదాంక వీడియో తీస్తున్న ఆ పిలగాడే టక్కున డయల్ చేసిండు. పోలీసోళ్లతోని లొల్లి అని భయపడకుండ్రి, 2019ల మార్చిన మోటారు వాహనాల చట్టం, దాని రూల్స్ ప్రకారం సాయం చేసినోళ్లను పేరు చెప్పుమని బలవంతం చేయనీకి లేదు.