బొంత కుట్టుకి ఇచ్చాక వచ్చే తగాదాలు: సమస్య - పరిష్కారం

పాత చీరల ముక్కలతో బొంతలు అతికేవాళ్లం మా వీధిలో నలుగురం ఉన్నాం. పైపొర ఇంట్లోనే అతుకుతాం. దూది షీటు, అడుగు గుడ్డ కలిపి మూడు పొరలూ కుట్టాలంటే మంచమంత బొంత చుట్ట ఇంటి మిషను కింద పట్టదు. అందుకని విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మాస్టర్‌కి ఇస్తాం. తెచ్చుకున్న రోజు ఎవరో ఒకరు మొహం మాడ్చుకోవడం మామూలే. నాలుగేళ్లుగా పడిన గొడవలన్నీ తిరగేసి చూస్తే, సగానికి పైగా మేం సరిగ్గా చెప్పకపోవడం వల్ల వచ్చినవే.

సమస్య: బొంత అట్టలా బిర్రుగా వచ్చింది

మనవరాలి బారసాలకని మా అమ్మ కట్టిన మంగళగిరి చీరలతో బొంత అతికాను. "దగ్గరగా కుట్టండి మాస్టారూ, దూది కదలకూడదు" అని చెప్పి వచ్చాను. ఆయన అర అంగుళానికో గీత వేసి ఇచ్చారు. పరిస్తే చాప పరిచినట్టుంది. రెండు చీరల మెత్తదనం ఏమైపోయిందో!

కారణం: ఆయన రోజంతా కుట్టేది సంచులు, సీటు కవర్లు. ఆ పనిలో దగ్గర అంటే అర అంగుళమే. నా మనసులో ఉన్నది మా అమ్మమ్మ చేతికుట్టు, వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్లు పట్టేది. కుట్టు గీత పడ్డచోటల్లా మూడు పొరలూ నొక్కుకుపోతాయి. గీతలు పెరిగేకొద్దీ బొంత ఒంగడం మానేస్తుంది.

పరిష్కారం: దగ్గర, దూరం, మామూలుగా, మీ ఇష్టం - ఈ నాలుగు మాటలూ మాస్టర్ దగ్గర ఎత్తకండి. "గీతకీ గీతకీ మధ్య రెండంగుళాలు" అని అంకె చెప్పండి. ఆ అంకె లోపల పెట్టేదాన్ని బట్టి కూడా ఉంటుంది. విడి దూది అయితే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది, కాస్త దగ్గరగానే వేయాలి. అతుక్కుని ఉండే షీటు అయితే ఎడం ఎక్కువున్నా నిలుస్తుంది. ఎంత ఎడం ఇవ్వచ్చో షీటు కొన్న కొట్లోనే అడగండి. అన్నిటికన్నా మేలైన పని, అవే మూడు పొరలతో జానెడు ముక్క ఒకటి ఇచ్చి సగం ఒక ఎడంలో, సగం ఇంకో ఎడంలో కుట్టించుకోవడం. గుప్పిట్లో నలిపి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ ముక్కకి ఓ పాతికో యాభయ్యో అడిగితే ఇవ్వండి, బేరమాడకండి.

సమస్య: అంచులు అలల్లా లేచాయి, మూలల్లో కుచ్చులు పడ్డాయి

దీని మీద మాస్టర్‌తో నేను అరగంట వాదించాను. ఆయన ఏమీ అనకుండా టేపు తీసి బొంత నడిమధ్యన కొలిచారు, తర్వాత అంచు కొలిచారు. అంచు రెండంగుళాలు ఎక్కువుంది. నా నోరు మూతపడింది.

కారణం: పైపొర చుట్టూ వేసే చీర అంచు పట్టీని మేం కొలవకుండా పక్కన పెట్టుకుంటూ కుట్టేసి, చివర మిగిలింది కత్తిరించడం. పట్టీ సాగుతూ పోతుంది, మిగిలిన ఆ బట్ట మిషను కింద కుచ్చవుతుంది.

పరిష్కారం: పైపొరను మూడు చోట్ల కొలిచి, సగటు తీసి, పట్టీని ముందే అంతకు కత్తిరించి, రెండు చివర్లూ మధ్యా గుండుసూదులు పెట్టి కుట్టాలి. ఇచ్చేముందు నేల మీద పరిచి చూడండి. ఎక్కడైనా లేస్తుంటే మాస్టర్‌కి ముందే చూపించండి. "కుచ్చు పడేలా ఉంటే ఆపి ఫోన్ చేయండి" అని చెప్పి రావాలి. చెప్పకపోతే పని ఆగకూడదని ఆయన కుట్టేస్తారు.

సమస్య: అడుగు గుడ్డ చాల్లేదని వేరే గుడ్డ అతికారు

మిషను మీద బిగించడానికి అడుగు గుడ్డ ప్రతి వైపూ నాలుగంగుళాలు ఎక్కువుండాలి. 60 × 90 అంగుళాల బొంతకి 68 × 98 కావాలి. అయిదున్నర మీటర్ల చీరను సగానికి కత్తిరించి పక్కపక్కన కుడితే దాదాపు 89 × 108 వస్తుంది, ఒక చీర సరిపోతుంది. పెడన కలంకారీ గుడ్డ అయితే ఇంకో చిక్కు: నెమళ్లు తలకిందులు కాకుండా "ఇటు పైన" అని చీటీ రాసి పిన్నీసుతో పెట్టండి. నోటితో చెప్పింది వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు.

సమస్య: చెప్పిన రేటు ఒకటి, బిల్లు ఇంకొకటి

చదరపు అడుగు లెక్క అన్నప్పుడు ఏ కొలత మీద అని అడగండి. పైన చెప్పిన బొంతే పైపొర కొలతతో 37.5 చదరపు అడుగులు, అడుగు గుడ్డ కొలతతో 46 దాటుతుంది. మోసమేమీ లేదు, ఆయన షీటు వాడింది ఆ పెద్ద కొలతకే. దారం, షీటు, చుట్టూ పైపింగ్ అందులో కలిసే ఉన్నాయా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

తేదీ విషయంలోనూ అంతే. బారసాల 21వ రోజు అయితే నాలుగు రోజులు ముందు తేదీ చెప్పండి. సంక్రాంతి, దసరా ముందు ఇస్తే మాత్రం ఎవరూ ఏం చేయలేరు, పండగ రద్దీలో మీ బొంత అటక ఎక్కుతుంది.

సమస్య: నచ్చలేదు, విప్పి మళ్లీ కుట్టమన్నాం

తొందరపడకండి. పాత చీర బట్ట పలచబడి ఉంటుంది, కుట్టు విప్పితే సూది రంధ్రాలు అలాగే ఉండిపోతాయి, ఒక్కోసారి చిరుగుతుంది. ముందు ఓ మూల రెండంగుళాలు మాత్రం విప్పించి వెలుతురుకి పట్టి చూడండి. రంధ్రాలు కనపడితే వదిలేసి, ఒకసారి ఉతికి ఆరేయండి. కొత్త కుట్టు బిర్రు కొంత తగ్గుతుంది. నా చాప బొంత రెండు ఉతుకుల తర్వాత దారికొచ్చింది, కానీ అప్పటికి పాప పాకేస్తోంది.