యూ-విన్‌లో గర్భిణి, బిడ్డ టీకాల నమోదు: దరఖాస్తు విధానం

సార్వత్రిక టీకా కార్యక్రమం కింద వేసే టీకాలను పేరు పేరునా నమోదు చేయడానికి కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన పోర్టల్ యూ-విన్. 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై తర్వాత దేశమంతటికీ వచ్చింది. కోవిడ్ రోజుల్లో కో-విన్ వాడినవారికి తెరలు కొత్తగా అనిపించవు. అయితే అక్కడ రెండు మూడు డోసులతో పని అయిపోయేది. ఇక్కడ తల్లి కడుపుతో ఉన్నప్పుడు మొదలైన రికార్డు బిడ్డకు పదహారేళ్లు వచ్చేదాకా తెగకుండా నడవాలి. అందుకే ఒక బిడ్డకు ఒకే రికార్డు ఉండాలన్నది ఈ దరఖాస్తులో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఇక్కడ జరిగే పొరపాట్లలో చాలా భాగం దీన్ని మరిచిపోవడం వల్లే వస్తాయి.

నమోదుకు ముందు

గర్భిణులు, పుట్టిన రోజు నుంచి 16 ఏళ్ల వరకు పిల్లలు దీని కిందికి వస్తారు. నమోదుకు గానీ, ప్రభుత్వ కేంద్రంలో టీకాకు గానీ పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా డబ్బు అడిగితే అది ఈ పోర్టల్ కాదని అర్థం. చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.

ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు రికార్డు ఇప్పటికే ఉందేమో కనుక్కోవాలి. గర్భం నమోదైనప్పుడే తల్లి పేరున రికార్డు తెరుచుకుంటుంది. కాన్పు వివరాలు, బిడ్డ పుట్టుక, పుట్టగానే వేసిన టీకాలు దానికే జతపడాలి. బిడ్డకు అప్పటికి పేరు ఉండదు కాబట్టి ఆసుపత్రిలో ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు చేర్చి రాస్తారు. మూడు నెలలకు ఇంట్లోవాళ్లు బారసాల పేరుతో మళ్లీ కొత్తగా నమోదు చేస్తారు. అప్పటినుంచి ఒకే బిడ్డ ఇద్దరుగా లెక్కకు వస్తుంది. తల్లి ఏ నంబరు ఇచ్చిందో ఆ నంబరుతోనే లాగిన్ అయి చూడండి. కనిపించకపోతే మీ ఏఎన్ఎంను (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తను) వెతకమనండి. రికార్డు దొరికితే పేరు మార్పించుకోండి, కొత్తది తెరవొద్దు.

నమోదు

పోర్టల్‌లో గానీ యూ-విన్ యాప్‌లో గానీ మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. లోపలికి వెళ్లాక గర్భిణి నమోదా, బిడ్డ నమోదా ఎంచుకోవాలి. పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, గుర్తింపు పత్రం వివరాలు నింపాలి. పుట్టిన తేదీని జనన ధ్రువపత్రం ముందు పెట్టుకుని రాయండి. తర్వాతి టీకాల తేదీలన్నీ దాన్నిబట్టే లెక్కకొస్తాయి. నెల ఒకటి తప్పు పడితే ఆరు వారాల టీకా గడువు కూడా అంత దూరం జరిగిపోతుంది. నంబరు కూడా తల్లిదగ్గర ఎప్పుడూ ఉండేదే ఇవ్వాలి. గుర్తుచేసే సందేశాలు దానికే వస్తాయి. 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే దాన్నీ జతచేసుకోవచ్చు.

ఆ తర్వాత పిన్‌కోడ్‌తో గానీ జిల్లా పేరుతో గానీ కేంద్రాన్ని వెతికి తేదీ బుక్ చేసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో టీకాలు మామూలుగా బుధ, శనివారాల్లో వేస్తారు. బుక్ చేయకుండా నేరుగా వెళ్లినా టీకా వేస్తారు, నమోదు అక్కడే చేస్తారు. కానీ ముందుగా చెబితే కేంద్రానికి మేలు. బీసీజీ (క్షయ టీకా), మీజిల్స్-రుబెల్లా (తట్టు టీకా) మందు కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఎంతమంది వస్తారో తెలిస్తే సీసా ఎప్పుడు తెరవాలో ఏఎన్ఎం నిర్ణయించుకోగలదు.

టీకా వేసిన వెంటనే, అరగంట కూర్చునే సమయంలోనే, ఫోన్‌కు సందేశం వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే డోసును పోర్టల్‌లో ఎక్కించారా అని అక్కడే అడగండి. సిగ్నల్ లేని ఊళ్లలో ముందు రిజిస్టరులో రాసి తర్వాత ఎక్కిస్తారు. జారిపోయేవి ఎక్కువగా ఇవే.

పాత డోసులు, ప్రైవేటు డోసులు

బిడ్డకు ఇప్పటికే కొన్ని టీకాలు పడి ఉంటే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల టీకాలు రాసే కార్డు) తప్పనిసరిగా తీసుకెళ్లండి. కార్డులోని తేదీలు చూసి ఏఎన్ఎం పాతవి ఎక్కించాలి. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో పోలియో చుక్కలు, పెంటావాలెంట్ (అయిదు వ్యాధులకు కలిపి వేసే టీకా, పెంటా అంటారు), రోటా (విరేచనాల నుంచి కాపాడే చుక్కలు) ఉంటాయి. న్యుమోకాకల్ (న్యుమోనియా) టీకా మాత్రం ఆరు, పద్నాలుగు వారాలకూ తొమ్మిది నెలలకూ పడుతుంది. పోలియో ఇంజెక్షన్‌కూ అవే వయసులు. ‘అన్నీ వేశారు’ అని నోటిమాటగా చెబితే ఈ తేడాలన్నీ కలిసిపోతాయి. ప్రైవేటు ఆసుపత్రిలో వేయించినవాళ్లు ఆ కార్డు కూడా చూపించాలి. అక్కడ ఆరు వ్యాధులకు కలిపి ఒకే ఇంజెక్షన్ ఇస్తుంటారు. అది రికార్డుకెక్కకపోతే ఆ బిడ్డ ఒక్క టీకా పడని పిల్లల జాబితాలో చేరుతుంది. ఆశా కార్యకర్త పదేపదే ఇంటికి వస్తుంది. నిజంగా టీకా అందని ఇంటికి వెళ్లాల్సిన సమయం ఇక్కడ ఖర్చవుతుంది.

ఆలస్యమైందని వెనకాడొద్దు. మధ్యలో ఆగిన టీకాలు మొదటినుంచి మళ్లీ వేయరు, ఆగినచోటునుంచి కనీసం నాలుగు వారాల ఎడంతో కొనసాగిస్తారు. బీసీజీ ఏడాది లోపు, మీజిల్స్-రుబెల్లా అయిదేళ్ల లోపు వేయించుకోవచ్చు. ఆలస్యానికి వీల్లేనిది హెపటైటిస్-బి పుట్టుక డోసు: 24 గంటల్లోపే. పుట్టినప్పటి పోలియో చుక్కలకు 15 రోజుల గడువు.

పుట్టింటి కాన్పు

మన దగ్గర లెక్కలు ఎక్కువగా చెదిరేది ఇక్కడే. తల్లి కాన్పుకు పుట్టింటికి వెళ్తుంది, బిడ్డకు మొదటి డోసులు అక్కడ పడతాయి, అయిదో నెలలో అత్తగారి ఊరికి వస్తారు. దేశంలో ఏ కేంద్రంలోనైనా అదే రికార్డులో తర్వాతి డోసు వేయవచ్చు. చేయాల్సిందల్లా పాత మొబైల్ నంబరు చెప్పి రికార్డు తెరిపించడం.

కొత్తగా నమోదు చేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఒక ఉపకేంద్రంలో 90 మంది పిల్లలకు పెంటా మొదటి డోసు పడింది, మూడోది 81 మందికి. మధ్యలో మానేసినవారు తొమ్మిది మంది, అంటే 10 శాతం. వాళ్లలో అయిదుగురు వేరే ఊళ్లో కొత్త రికార్డు మీద మూడో డోసు వేయించుకుని ఉంటే నిజంగా మానేసింది నలుగురే, 4.4 శాతం. అటు రెండో ఊళ్లో మొదటి డోసుకన్నా మూడో డోసే ఎక్కువ కనిపించి మానేసినవారి శాతం సున్నాకు దిగువకు పోవచ్చు. అలాంటి అంకె ఎక్కడ కనిపించినా ముందు వెతకాల్సింది రెండుసార్లు నమోదైన పేర్లనే. ఏ పల్లెకు ప్రత్యేక శిబిరం పెట్టాలో తేల్చేది ఈ శాతాలే కాబట్టి తప్పు అంకె శిబిరాన్ని తప్పు ఊరికి పంపుతుంది.

ధ్రువపత్రం, సవరణలు

డోసు ఎక్కాక క్యూఆర్ కోడ్‌తో ఉన్న ధ్రువపత్రం మీ లాగిన్‌నుంచే దించుకోవచ్చు. దానిలోని ప్రతి తేదీని ఎంసీపీ కార్డుతో పోల్చి చూసుకోండి. టీకా పేరో తేదీయో తప్పు ఉంటే డోసు నమోదు చేసిన సిబ్బందే దిద్దాలి. అందుకని టీకా వేసిన కేంద్రానికి రెండూ పట్టుకెళ్లండి. ఒకే బిడ్డకు రెండు రికార్డులు బయటపడితే రెండు నంబర్లూ రాసిచ్చి, దేనిలో ఏ డోసులున్నాయో చూపించి, ఏది ఉంచాలో పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చెప్పండి. అది తేలేదాకా తర్వాతి డోసును మాత్రం ఆపొద్దు. టీకా వేయించి కార్డు మీద రాయించుకోండి, రికార్డు తర్వాత సరిచేయించుకోవచ్చు.