పార్కు ఎలివేషన్ బాగుండాలంటే ముందు నీడ, తర్వాతే రంగు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్న థీమ్ పార్కుల వాళ్లు ఎలివేషన్ (బిల్డింగ్ ఎదురుగా కనిపించే ముఖం) చేయమని నన్ను పిలవగానే అడిగేది "ఏ రంగు వేద్దాం?" అనే. రంగు సంగతి తర్వాత. ముందు మిట్టమధ్యాహ్నం వెళ్లి ఎదురుగా నిలబడి చూడండి, గోడ అట్టముక్కలా కనిపిస్తే దాని మీద ఏ రంగు కొట్టినా అట్టముక్కే. ఉండవల్లి గుహల ముందు ఎందుకు ఆగిపోతాం? రాయి రంగే, కానీ స్తంభాల వెనక చీకటి ఉంది, అంతస్తులు వెనక్కి జరిగి ఉన్నాయి.

కాబట్టి పొడవాటి గోడని మూడు నాలుగు ముక్కలుగా అనుకోండి, అన్నీ ఒకే వెడల్పు వద్దు. ఒకదాన్ని ఆరంగుళాలు ముందుకు తీయించండి, ఇంకోదాని పిట్టగోడ ఎత్తు మార్చండి, కిటికీల మీద అడుగు వెడల్పు సజ్జ వేయించండి. పైఅంతస్తు కిటికీలు కిందవాటి కంటే చిన్నగా పెడితే బిల్డింగ్ ఎత్తుగా కనిపిస్తుంది. 1955లో తెరిచిన డిస్నీల్యాండ్‌లో కోట ఎత్తు 77 అడుగులే, పైకి వెళ్లేకొద్దీ రాళ్ల సైజు తగ్గించి అంత పెద్దదని నమ్మించారు. పైన మాత్రం మనుషుల్ని నిలబెట్టకండి, పక్కన తలకాయ కనిపించిందా, గుట్టు రట్టే.

థీమ్ ఒక్కటే పెట్టుకోండి. కోట, డైనోసార్, తాజ్‌మహల్ ఒకే గేటు మీద పెట్టే ఓనర్లతో నేను వాదించి వాదించి అలిసిపోయాను. కొండపల్లి బొమ్మల వీధి అనుకుంటే తెల్లపొణికి చెక్కలాగా మూలలు గుండ్రంగా, గోడ నున్నగా, రంగులు నిండుగా ఉండాలి, చెత్తడబ్బాతో సహా. అమరావతి స్తూపం అనుకుంటే పల్నాటి రాయి లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, స్తంభం మీద పద్మాలు, అంతే. అక్కడ ఎర్ర రంగుకి పనే లేదు.

మెటీరియల్ దగ్గర నేనూ దెబ్బతిన్నాను. పది రోజుల్లో అయిపోవాలన్నారని ఓ గేటుకి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పువ్వులు పెట్టాను, ఆషాఢంలో రెండు వానలు పడేసరికి ఉబ్బిపోయి రేకులు టికెట్ క్యూలో రాలాయి. బయట పీఓపీ వద్దే వద్దు. ఆరడుగుల దాకా పిల్లలు తంతారు, ఎక్కుతారు, అక్కడ చికెన్ మెష్ (సన్న తీగల ఇనుప వల) కట్టి సిమెంటు పూత వేయించండి. ఆ పైన ఫైబర్ పర్లేదు. ఖర్చు కూడా కంటి ఎత్తులోనే పెట్టండి, ఇరవై అడుగుల పైన నగిషీ ఎవరు చూస్తారు?

ఇప్పుడు రంగు. ఎరుపు మన ఎండకి త్వరగా వెలిసిపోతుంది, సజ్జ కిందకి పంపండి. పాతగోడలా కావాలంటే నల్లగోధుమ రంగుని బాగా పల్చగా కలిపి కిటికీ అంచు కింద నుంచి కారనిచ్చి, తడిగుడ్డతో సగం తుడిచేయండి. నిజంగా వాన నీళ్లు కారే చోటే, గోడంతా పూస్తే మురికిలా ఉంటుంది. ఏసీ డబ్బాలు, కేబుళ్లు, ట్యాంకులకి మాసిన ఆకుపచ్చ వేస్తే చెట్ల మధ్య కలిసిపోతాయి.

లైట్లు గోడకి దగ్గరగా, కింద నుంచి పైకి, వెచ్చటి పసుపు రంగులో. ఎదురుగా ఫ్లడ్ లైట్ వేస్తే కష్టపడి తెచ్చిన నీడంతా పోతుంది. రంగులు మారే ఎల్ఈడీలు పెట్టారా, పెళ్లి మండపమే. మొదటి రాత్రి ఆ ఫ్లడ్ లైట్ ఆపించి ఓనర్‌ని గేటు దగ్గర నిలబెట్టండి, ముందు కరెంటు పోయిందనుకుంటాడు.